రక్తంలో మందు చుక్క ప్రయాణం

ఆ రాత్రి తోడుండే వంతు మాది. మా సెక్షన్‌లో పనిచేసే ఫోర్‌మన్‌గారి తండ్రిని నగరంలోని ఒక ఆసుపత్రిలో ఇంటెన్సివ్ కేర్ విభాగంలో చేర్చినప్పుడు, సహోద్యోగులమంతా వంతులు వేసుకొని రాత్రిళ్ళు అక్కడ ఉండేవాళ్ళం. రెండు గంటలవేళ పెద్దాయన రక్తపోటు పడిపోసాగింది. డ్యూటీ డాక్టరుగారు రక్తపోటును నిలబెట్టే మందును సిరంజి పంపుతో ప్రారంభించారు. మామూలుగా గొట్టాన్ని ముందే మందుతో నింపి, అప్పుడు రోగికి తగిలిస్తారట. ఆ తొందరలో, అప్పటికే ఉప్పునీరు నిండి ఉన్న గొట్టం పైకొసకే మందును కలపవలసి వచ్చింది.

ఐదు నిమిషాలు గడిచాయి. తెరమీది అంకె కదలలేదు. అద్దాల తలుపు దగ్గర నిలుచున్న ఫోర్‌మన్‌గారు ఉండబట్టలేక, "ఇంకా ఏమీ తేడా కనపడదేమండీ? మందు కాస్త పెంచకూడదా?" అని అడిగారు. డాక్టరుగారు తల తిప్పకుండానే, "మందు ఇంకా గొట్టంలోనే ఉన్నదండీ. ఇప్పుడు తొందరపడి రెట్టింపు చేస్తే, ఆ రెట్టింపు కాసేపటికి వచ్చి ఒక్కసారిగా మీద పడుతుంది. ఆగాలి" అన్నారు.

ఆగాము. అంతకంటె దీర్ఘమైన నిమిషాలను మేము ఎరుగము. ఆ నిరీక్షణలోనే ఒక ప్రశ్న మా మనసులో నాటుకొన్నది. పారే ద్రవంలో కలిసిన పదార్థం ఎట్లా సాగుతుంది? ఎంతసేపటికి, ఎంత మేరకు వ్యాపిస్తుంది? గొట్టాలతోనూ, పంపులతోనూ నిత్యం కాపురం చేసే మన సంస్థ ఉద్యోగులకు ఈ ప్రశ్న పరాయిది కాదు. సమాధానం మాత్రం మనం ఊహించేదానికి కొంత భిన్నంగా ఉన్నది.

వ్యాపనం ఒక్కటే అయితే

గ్లాసెడు నీటిలో చక్కెర వేసి కలపకుండా వదిలేస్తే ఏమవుతుందో గృహిణులకు తెలిసినదే. అడుగున తీపి, పైన చప్పన. అణువులు తమంతట తాము ఇటూ అటూ కొట్టుకొంటూ, చిక్కగా ఉన్న చోటు నుండి పలుచగా ఉన్న చోటుకు మెల్లమెల్లగా చేరుతాయి. దీనినే వ్యాపనం అంటారు. దీని నియమాన్ని 1855లో ప్రకటించినవాడు అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు.

వ్యాపనానికి ఒక విచిత్ర స్వభావమున్నది. దూరం రెట్టింపయితే కాలం నాలుగు రెట్లవుతుంది. దూరం పదింతలయితే కాలం నూరింతలవుతుంది. ఉప్పు, చక్కెర వంటి చిన్న అణువులు నీటిలో మిల్లీమీటరులో నూరో వంతు దూరం పోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు చాలు. ఒక మిల్లీమీటరు పోవడానికి సుమారు ఎనిమిది నిమిషాలు కావాలి. ఒక సెంటీమీటరుకు పద్నాలుగు గంటలు. ఒక మీటరు పోవాలంటే దాదాపు పదహారు సంవత్సరాలు! గుండె కొట్టుకోకుండా, రక్తం పారకుండా వ్యాపనం మీదనే ఆధారపడితే, చేతికిచ్చిన మందు కాలికి చేరే లోపల పసిబిడ్డ కళాశాలకు వెళ్ళే వయసు వస్తుంది.

ప్రవాహం ఒక్కటే అయితే

కనుక దూరప్రయాణానికి ప్రవాహం తప్పనిసరి. కాని గొట్టంలో ప్రవాహం అంతటా ఒక్క వేగంతో ఉండదు. పంట కాలువలో నడిమధ్య పడిన ఆకు చకచకా సాగిపోతుంది. గట్టు వారన పడినది తచ్చాడుతూ ఉంటుంది. సన్నని గొట్టంలోనూ ఇంతే. గోడను తాకిన పొర కదలనే కదలదు. నడిమధ్య ధార సగటు వేగానికి సరిగ్గా రెండు రెట్ల వేగంతో పోతుంది. సన్నని గొట్టాలలో ద్రవాలు పారే తీరును 1830లు, 1840లలో ఎంతో ఓపికతో కొలిచినవాడు పాయిజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు. ఆయన ఆసక్తి అంతా రక్తప్రసరణ మీదనే. గొట్టం వ్యాసార్ధం సగమయితే, అదే ఒత్తిడికి ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుందని ఆయన ప్రయోగాల వలన తెలిసింది. రక్తనాళం కొద్దిగా పూడుకొన్నా ఎందుకంత ప్రమాదమో ఈ ఒక్క సూత్రం చెబుతుంది.

ఇప్పుడు గొట్టంలో ఒక రంగు చుక్క వేశామనుకొందాం. ప్రవాహం ఒక్కటే పనిచేస్తే, మధ్యలోని రంగు ముందుకు దూసుకుపోతుంది; గోడ దగ్గరి రంగు వెనుకబడి అక్కడే అంటిపెట్టుకొని ఉంటుంది. చుక్క కాస్తా అంతులేకుండా సాగే పొడవైన సూదిమొన అవుతుంది. ముందు భాగం ఎప్పుడో చేరుతుంది, చివరి భాగం ఎప్పటికీ చేరదు.

టేలర్ చూపిన వింత

నిజంగా ఈ రెండూ కలిసి పనిచేస్తాయి. కలిసినప్పుడు జరిగేది 1953లో తేల్చి చెప్పినవాడు సర్ జెఫ్రీ ఇన్‌గ్రామ్ టేలర్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త. ఆయన ప్రయోగ సామగ్రి చాలా సాదాసీదా అయినది: సన్నని గాజు గొట్టం, నీరు, మనం నూతులలో వేసే పొటాషియం పర్మాంగనేట్. ఆ ఊదారంగు ఎట్లా సాగుతున్నదో చూసి, గణితంతో సరిపోల్చారు.

తేలినది ఇది. కొంతసేపటికి రంగు సూదిమొన ఆకారం విడిచి, మధ్యలో చిక్కగా, రెండు కొసలా పలుచగా, గంట ఆకారపు రేఖలా చక్కగా సర్దుకొంటుంది. ఆ రంగు పట్టీ నడిభాగం సరిగ్గా సగటు వేగంతోనే సాగుతుంది. మధ్యధార దానికి రెండు రెట్ల వేగంతో పోతున్నది కదా! కనుక వెనుక నుండి తేట నీరు వచ్చి రంగు పట్టీలో ప్రవేశిస్తుంది, లోపల రంగు పులుముకొంటుంది, ముందు వైపు నుండి తిరిగి తేటగా బయటపడుతుంది. టేలర్‌కే ఇది వింతగా తోచింది.

కారణం అర్థం కావడానికి మన షిఫ్టు సైరన్ మోగినప్పటి గేటు ముందరి రోడ్డును తలచుకోవచ్చును. మధ్యలో సైకిళ్ళు వేగంగా, అంచులలో నెమ్మదిగా పోతున్నాయనుకొందాం. ఎవరి వరుసలో వారే బిగిసి ఉంటే, కొందరు టౌన్‌షిప్ చేరే వేళకు మరికొందరు గేటు దాటి ఉండరు. అందరూ అప్పుడప్పుడు వరుసలు మారుతూ పోతే, అందరికీ కాసేపు వేగం, కాసేపు నెమ్మది దక్కుతుంది. మొత్తం గుంపు ఇంచుమించు ఒక్కసారే ఇల్లు చేరుతుంది. అణువులను ఇట్లా వరుసలు మార్పించేది గొట్టం అడ్డంగా జరిగే వ్యాపనమే.

అందువలన టేలర్ సూత్రం ప్రకారం ఒక తలకిందుల ఫలితం వస్తుంది. వేగంగా వ్యాపించే పదార్థం గొట్టం వెంట తక్కువగా చెదురుతుంది. నెమ్మదిగా వ్యాపించేది ఎక్కువగా చెదురుతుంది. గొట్టం వ్యాసార్ధపు వర్గాన్ని సగటు వేగపు వర్గంతో గుణించి, వ్యాపన గుణకానికి 48 రెట్లతో భాగిస్తే ఆ చెదరడం ఎంతో వస్తుంది. నిడివి వెంట జరిగే అసలు వ్యాపనాన్ని కూడా ఇందులో చేర్చి 1956లో రూథర్‌ఫర్డ్ ఏరిస్ ఈ సూత్రాన్ని పూర్తిచేశారు. ఆనాటి నుండి దీనికి టేలర్–ఏరిస్ విస్తరణ అనే పేరు స్థిరపడింది.

రక్తం నీరు కాదు

టేలర్ గొట్టంలో ఉన్నది నీరు. మన నాళాలలో ఉన్నది రక్తం. రక్తంలో 40 నుండి 45 శాతం వరకు ఎర్రకణాలే. వాటి వ్యాసం 7, 8 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో వెయ్యో వంతుకు ఏడెనిమిది రెట్లు. ప్రవాహం మందగించినప్పుడు ఈ కణాలు నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అంటుకొంటాయి. కొంత కనీసపు తోపుడు లేనిదే రక్తం కదలనారంభించదు. ఇటువంటి ద్రవాలకు తగిన సమీకరణాన్ని 1959లో ఇచ్చినవాడు కాసన్. ఆయన అది రాసినది రక్తం కోసం కాదు, అచ్చుయంత్రాల సిరా కోసం! నూనెలో రంగుపొడి తేలియాడే సిరాకూ, ప్లాస్మాలో కణాలు తేలియాడే రక్తానికీ నడకలో పోలిక కుదిరింది.

దీని పర్యవసానమేమి? నాళం నడిమధ్య రక్తం ఒక ముద్దలా, ఒకే వేగంతో జరుగుతుంది. అంచులకూ మధ్యకూ నడుమ వేగపు తేడా నీటిలో ఉన్నంత ఉండదు. తేడా తగ్గితే చెదరడమూ తగ్గుతుంది. అదీగాక ఎర్రకణాలు దొర్లుతూ, పొర్లుతూ చుట్టూ ఉన్న ప్లాస్మాను కాస్త కలయబెడతాయి. సన్నని నాళాలలో అవి మధ్యకు జరిగి, గోడల వెంట పలుచని ప్లాస్మా పొరను విడుస్తాయి. అందుచేత సన్నని గొట్టంలో రక్తం, పెద్ద గొట్టంలో కంటె పలుచగా పారుతున్నట్లు కనబడుతుంది. 1931లో ఫారియస్, లిండ్‌క్విస్ట్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞులు దీనిని నిరూపించారు.

నాళపు గోడ కూడా ఊరికే చూస్తూ కూర్చోదు. అది కొన్ని పదార్థాలను పీల్చుకొంటుంది. కాసన్ ద్రవంలో పదార్థం చెదరడం, గోడ పీల్చుకోవడం రెండింటినీ కలిపి లెక్కగట్టినవారిలో మన దేశపు గణితజ్ఞులున్నారని చెప్పుకోవడం మనకు గర్వకారణం. పి. నాగరాణి, జి. సరోజమ్మ, జి. జయరామన్‌ల పరిశోధన 2004లో 'ఆనల్స్ ఆఫ్ బయోమెడికల్ ఇంజనీరింగ్' పత్రికలో వెలువడింది. గోడ దగ్గర మందకొడిగా ఉన్న భాగాన్ని గోడే పీల్చివేస్తే, మిగిలినది మధ్యధారలో వేగంగా పోతుంది. చెదరడం మరికొంత తగ్గుతుంది.

ఒక హెచ్చరిక అవసరం. అణువులు గొట్టం అడ్డంగా తిరిగి రావడానికి తగిన వ్యవధి ఉన్నప్పుడే టేలర్ సూత్రం వర్తిస్తుంది. పెద్ద ధమనులలో ఆ వ్యవధి ఉండదు. గుండె నుండి బయలుదేరే బృహద్ధమని వ్యాసం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. రక్తం దానిని క్షణాలలో దాటిపోతుంది. అక్కడ పదార్థాన్ని కలిపేవి వ్యాపనం కంటె గుండె దడలు, నాళాల వంపులు, చీలికలు. అన్నిటికంటె పెద్ద కవ్వం గుండెయే.

చెదరడమే కొలబద్ద

ఈ చెదరడాన్ని వైద్యులు తమకు అనుకూలంగా మలచుకొన్నారు. 1820ల చివర స్టుట్‌గార్ట్‌లో హేరింగ్ అనే పశువైద్యుడు గుర్రం మెడలోని ఒక సిరలో పొటాషియం ఫెర్రోసయనైడ్ ఎక్కించి, రెండవ వైపు సిర నుండి వరుసగా రక్తపు నమూనాలు తీశాడు. సుమారు అర నిమిషంలోనే ఆ పదార్థం శరీరం చుట్టివచ్చి అక్కడ కనిపించింది. 1890లలో జార్జి నీల్ స్టూవర్ట్ సిరలో ఉప్పు ద్రావణం ఎక్కించి, అది దిగువన చేరడాన్ని విద్యుత్ వాహకతతో కనిపెట్టాడు. తరువాత హామిల్టన్ రంగుతో ఈ పద్ధతిని మెరుగుపరిచాడు.

లెక్క సులభమే. 5 మిల్లీగ్రాముల రంగును సిరలో వేశామనుకొందాం. దిగువ ధమనిలో అది 30 సెకనులపాటు కనబడింది. ఆ సమయంలో సగటున లీటరుకు 2 మిల్లీగ్రాములున్నది. అంటే ఆ రంగు రెండున్నర లీటర్ల రక్తంలో కలిసిందన్నమాట. అర నిమిషానికి రెండున్నర లీటర్లయితే నిమిషానికి ఐదు. విశ్రాంతిలో ఉన్న ఆరోగ్యవంతుని గుండె తోడే రక్తం ఇంచుమించు ఇంతే. గుండెను కోయకుండా, దాని పనితనాన్ని ఒక చుక్క రంగు చెప్పివేస్తుంది. తరువాత రంగుకు బదులు చల్లని ఉప్పునీటిని వాడి, ఉష్ణోగ్రత మార్పును కొలిచే పద్ధతి వచ్చింది. 1970లో స్వాన్, గాంజ్ బృందం ప్రకటించిన బెలూన్ కాథెటర్ తరువాత ఇది ఇంటెన్సివ్ కేర్ విభాగాలలో విరివిగా వాడుకలోకి వచ్చింది.

మన ఇంజనీర్లూ ఇదే ఉపాయం పన్నారు. జలవిద్యుత్ కేంద్రాలలో పెద్ద గొట్టాల నీటి ప్రవాహాన్ని ఉప్పు వేసి కొలిచే పద్ధతిని 1923లో అమెరికాలో అలెన్ బృందం ప్రకటించింది. హిందుస్తాన్ పెట్రోలియం వారి పైపులైను విశాఖపట్నం నుండి విజయవాడ మీదుగా సికిందరాబాదుకు పెట్రోలు, డీజిలు వంటి వేర్వేరు సరుకులను ఒకదాని వెంట ఒకటి చేరవేస్తుంది. ఆ రెంటి సరిహద్దున కొంత మేర కలగాపులగం కాక తప్పదు. ఆ కలగలుపు ఎంత అన్నది ఇదే శాస్త్రానికి చెందిన లెక్క. అక్కడి ప్రవాహం సుడులు తిరుగుతూ ఉంటుంది కనుక సూత్రం వేరు. దానినీ 1954లో టేలరే ఇచ్చారు.

కేశనాళిక, డయాలిసిస్

ప్రకృతి ఏర్పాటును గమనిస్తే ఆశ్చర్యం కలుగక మానదు. దూరాలను దాటే పని ప్రవాహానికి అప్పగించి, చివరి అడుగు మాత్రం వ్యాపనానికి వదిలింది. కేశనాళికలో రక్తం సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా పోదు. నాళిక వ్యాసం ఎర్రకణం అంతే. అక్కడ గోడ దాకా పోవడానికి అణువుకు సెకనులో చిన్న భాగం చాలు. ప్రాణవాయువు దిగుతుంది, బొగ్గుపులుసు వాయువు ఎక్కుతుంది, మందు కణజాలంలోకి చేరుతుంది.

మూత్రపిండాలు పనిచేయనివారికి రక్తశుద్ధి చేసే డయాలిసిస్ యంత్రం ఈ ఏర్పాటుకే అనుకరణ. 1943లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ సెల్లోఫేన్ గొట్టంతో తొలి యంత్రాన్ని నిర్మించాడు. నేటి డయాలిసిస్ గొట్టంలో వెంట్రుకల్లాంటి బోలు దారాలు సుమారు పదివేలు ఉంటాయి. ఒక్కొక్కదాని లోపలి వ్యాసం మిల్లీమీటరులో ఐదో వంతు. అందులో రక్తం ఉండేది పది, పదిహేను సెకనులే. మధ్యలో ఉన్న యూరియా అణువు గోడ దాకా పోవడానికి ఐదు సెకనులు సరిపోతాయి. ఆ పదివేల దారాలకు బదులు రెండు సెంటీమీటర్ల వ్యాసమున్న ఒకే గొట్టం పెడితే, అదే పనికి పద్నాలుగు గంటలు కావలసివస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో వారానికి రెండు మూడు మార్లు డయాలిసిస్ మంచం మీద పడుకొనే రైతుల ప్రాణాలు ఈ దారాల సన్నదనం మీదనే ఆధారపడి ఉన్నవి.

తిరిగి ఆ రాత్రికి

ఆ రాత్రి గొట్టం సంగతిని తరువాత మేము కాగితం మీద లెక్కవేసి చూశాము. పొడవు మీటరున్నర, లోపలి వ్యాసం ఒక మిల్లీమీటరు. అందులో పట్టేది 1.2 మిల్లీలీటర్ల ద్రవం. పంపు వేగం గంటకు 6 మిల్లీలీటర్లు. అంటే సగటున మందు శరీరాన్ని చేరడానికి 12 నిమిషాలు. టేలర్ సూత్రం ప్రకారం ఆ గొట్టంలో నిడివి వెంట చెదరడం, ఊరక వ్యాపించడం కంటె ఇరవై వేల రెట్లు ఎక్కువ. కనుక మందు ఒక్కసారిగా గాక, తొమ్మిదో నిమిషం నుండి పదిహేనో నిమిషం దాకా క్రమంగా చేరుతుంది. మామూలు సెలైన్ గొట్టం లోపలి వ్యాసం మూడు మిల్లీమీటర్లయితే, అదే వేగానికి గంటా నలభై ఐదు నిమిషాలు పట్టేది! పసికందులకు మందును ఇంతకంటె నెమ్మదిగా ఎక్కిస్తారు. వారి విషయంలో గొట్టం సన్నదనం, మందు కలిపే చోటు మరీ ముఖ్యం.

తెరమీది అంకె కదిలినది పదో నిమిషం దాటాకనే. మొదట ఒకటి, తరువాత రెండు, ఆ తరువాత నిలకడగా. ఐదో నిమిషంలో మా మాట విని డాక్టరుగారు మందు పెంచి ఉంటే ఏమయ్యేదో తలచుకొంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పెద్దాయన కోలుకొని ఇంటికి వచ్చారు. సాయంత్రాలు క్వార్టర్ల ముందు మెల్లగా నడుస్తూ కనిపిస్తూ ఉంటారు.

ఆసుపత్రిలో మనవారి పక్కన కూర్చున్నప్పుడు మనం చేయగలిగినది కొద్దిగానే ఉంటుంది. సెలైన్ చక్రాన్ని మనంతట మనం తిప్పరాదు. గొట్టం నలిగినా, మడతపడినా నర్సమ్మకు వెంటనే చెప్పాలి. మందు ఇచ్చాక ఆమె వట్టి ఉప్పునీరు ఎక్కిస్తే, అది వృథా అనుకోరాదు. గోడల వెంట మందకొడిగా మిగిలిన మందును ఆ నీరే లోపలికి చేరుస్తున్నది. అన్నిటికంటె ముఖ్యంగా, మందు పెట్టిన మరుక్షణం ఫలితం కనబడలేదని వైద్యులను తొందరపెట్టరాదు. ఎంతసేపు ఆగాలో వారు ఎరుగుదురు. ఆ కాసేపు ధైర్యంగా పక్కన నిలబడడమే మన వంతు.